పెట్రోలా, డీజిలా? మీ లాంచీ తాగే చమురు లెక్క మీరే తీయండి

నాగార్జునసాగర్ నిండి నీటిమట్టం 590 అడుగులకు చేరువైందంటే చాలు, నన్ను ఒక ప్రశ్న వెతుక్కుంటూ వస్తుంది. "పర్యాటకులను తిప్పడానికి ఒక బోటు దించుదామనుకుంటున్నాం. పెట్రోలు ఇంజను పెట్టించాలా, డీజిల్ ఇంజనా? మైలేజి దేనికి ఎక్కువ?" అడిగేవాళ్లలో చాలామందికి జవాబు ముందే తెలుసు. పొలం గట్టు మీద ఆయిల్ ఇంజను చప్పుడు వింటూ పెరిగిన నల్లగొండ, పాలమూరు వాళ్లకు డీజిల్ పొదుపని ఒకరు చెప్పనక్కర్లేదు. అది నిజం కూడా. అయితే ఎంత పొదుపు? ఏ వేగంలో? ఆ పొదుపు ఎన్నేళ్లకు చేతికొస్తుంది? ఇక్కడికి వచ్చేసరికి అందరూ గాలిలో లెక్కలు కడతారు. ఒక క్యాను, ఒక గడియారం, ఒక త్రాసు ఉంటే గాలి లెక్కలతో పని లేదు.

మొదలుపెట్టే ముందు ఒక హెచ్చరిక. ఇంటర్నెట్‌లో ఈ విషయం మీద దొరికే రాతలు ఎక్కువగా అమెరికావి. అక్కడ పెట్రోలును గ్యాస్ అంటారు. మా మిత్రుడొకాయన అలాంటి రాత ఒకటి చదివి, వంటగ్యాసుతో నడిచే బోటు ఇంజను ఎక్కడ దొరుకుతుందని నాలుగు రోజులు వాకబు చేశాడు. వాళ్ల గ్యాలను 3.785 లీటర్లు, మన పాత బ్రిటిష్ గ్యాలను 4.546 లీటర్లు. వాళ్ల నాట్ అంటే గంటకు 1.852 కిలోమీటర్లు. ఈ మూడూ సరిచేసుకోకుండా అక్కడి అంకెలు తెచ్చి ఇక్కడ వాడితే లెక్క మొదట్లోనే తప్పుతుంది.

మొదటి మెట్టు: పడవ ఏ జాతిదో తేల్చుకోండి

పడవలు రెండు రకాలు. నీటిని పక్కలకు నెట్టుకుంటూ నెమ్మదిగా సాగేది ఒకటి. సాగర్‌లో తిరిగే పెద్ద లాంచీలు ఈ రకానివి. రెండోది వేగం అందుకోగానే ముక్కు ఎత్తి నీటిపైకి లేచి జారిపోయే స్పీడు బోటు. చమురు విషయంలో ఈ రెండింటి స్వభావం పూర్తిగా వేరు.

మొదటి రకానికి నీరే ఒక వేగ పరిమితి విధిస్తుంది. పడవ నీటిని తాకే చోట ముందు కొస నుంచి వెనక కొస దాకా టేపుతో అడుగుల్లో కొలవండి. ఆ అంకెకు వర్గమూలం తీసి రెండున్నరతో గుణించండి. 36 అడుగుల లాంచీకి వర్గమూలం 6 కనుక, గంటకు సుమారు 15 కిలోమీటర్లు వస్తుంది. ఆ వేగం దగ్గర లాంచీ తాను లేపిన అలనే తాను ఎక్కలేక ఆయాసపడుతుంది. ఇంజను ఎంత పెద్దదైనా ఆ పైన పోసే చమురులో ఎక్కువ భాగం అలలు లేపడానికే సరి. ఈ అంకెను నోటుపుస్తకం మొదటి పేజీలో రాసుకోండి, ముందుముందు దీనితో పని పడుతుంది.

రెండో మెట్టు: రెండు అంకెలు గుర్తుపెట్టుకోండి

ఒక హార్స్‌పవర్ బలాన్ని ఒక గంట పాటు ఇవ్వడానికి డీజిల్ ఇంజను తాగేది సుమారు 0.21 లీటరు. నాలుగు స్ట్రోకుల పెట్రోలు ఇంజనుకు సుమారు 0.31 లీటరు కావాలి. ఇంజనును బట్టి అటూఇటూ అవుతాయి కానీ అంచనాకు ఈ రెండు చాలు. అంటే ఒకే పనికి డీజిల్ మూడింట ఒక వంతు దాకా తక్కువ లీటర్లు తీసుకుంటుందన్నమాట.

ఈ తేడా మొత్తం ఇంజను గొప్పతనం కాదు. డీజిల్ చిక్కటి ద్రవం. లీటరు డీజిల్‌లో సుమారు 36 మెగాజౌళ్ల శక్తి ఉంటే లీటరు పెట్రోలులో 32 దాకా ఉంటుంది. తేడాలో కొంత అక్కడే వచ్చేసింది. మిగతాది నొక్కుడు వల్ల వచ్చేది. పెట్రోలు ఇంజను గాలిని తొమ్మిది, పది రెట్లు నొక్కితే డీజిల్ ఇంజను పదహారు రెట్లు, అంతకుమించి నొక్కుతుంది. అందుకే చమురులోని శక్తిలో నూటికి సుమారు 35 పాళ్లు డీజిల్ ఇంజను ఇరుసుకు చేరవేస్తే, పెట్రోలు ఇంజను 27 దగ్గర ఆగుతుంది.

ఇంకొక సంగతి ఉంది, లాంచీలకు ఇదే అసలైనది. పెట్రోలు ఇంజను నెమ్మదిగా నడిచేటప్పుడు గాలి దారిలోని రెక్క సగం మూసుకుని ఉంటుంది. ముక్కుకు గుడ్డ అడ్డం పెట్టుకుని ఊపిరి పీల్చినట్లు, పీల్చడానికే కొంత బలం ఖర్చవుతుంది. డీజిల్ ఇంజను గాలిని నిండుగా పీల్చుకుని, చమురును మాత్రమే తగ్గించుకుంటుంది. కాబట్టి పెద్ద పెట్రోలు ఇంజను పెట్టి పావు బలంతో నడిపేవాళ్లు 0.31 బదులు 0.35 వేసుకుని లెక్క కట్టుకోవాలి. "నెమ్మదిగానే నడుపుతాను కదా, పెద్దది ఉంటే ఏం పోయింది?" అనేవాళ్లకు పోయేది ఇదే.

మూడో మెట్టు: క్యాను పరీక్ష

రెండు ఇంజన్లూ కొని పోల్చలేం. చేతిలో ఉన్న ఇంజను తాగుడు కచ్చితంగా కొలిస్తే రెండోదాని లెక్క దానంతట అదే వస్తుంది. కొలత ఎంత శుభ్రంగా ఉంటే జవాబు అంత నమ్మకంగా ఉంటుంది కనుక ఇక్కడ తొందరపడకండి.

ముందు బరువు. ఖాళీ లాంచీతో తీసిన లెక్క జనంతో తిరిగే లాంచీకి పనికిరాదు. 200 లీటర్ల డ్రమ్ములు పది తెచ్చి అంచుదాకా నీళ్లు నింపితే రెండు టన్నులు, అంటే సుమారు ముప్పై మంది మనుషుల బరువు. సగం నింపిన డ్రమ్ములో నీరు ఊగుతుంది, పడవా ఊగుతుంది. నిండుగా నింపి మూత బిగించి, కదలకుండా తాళ్లతో కట్టండి. పరీక్ష చేసేవాళ్లందరూ లైఫ్ జాకెట్లు వేసుకోవాలని వేరే చెప్పాలా?

తర్వాత చమురు. పెద్ద ట్యాంకులో కర్ర ముంచి చూస్తే పడవ కాస్త ఒరిగినా రెండు మూడు లీటర్లు తప్పుతుంది. ఇరవై లీటర్ల క్యాను నుంచి ఇంజనుకు నేరుగా గొట్టం వేయండి. పరీక్షకు ముందు క్యానును తూచండి, తర్వాత మళ్లీ తూచండి. కిరాణా కొట్టులో ఉండే ఎలక్ట్రానిక్ త్రాసు సరిపోతుంది. డీజిల్ లీటరు సుమారు 0.83 కిలో, ఇప్పటి పెట్రోలు 0.75 కిలో అని వేసుకుని బరువును లీటర్లలోకి మార్చుకోండి.

లీటర్లలోనే కొలుస్తామంటారా? మన ఎండలను మరచిపోవద్దు. పెట్రోలు పది డిగ్రీల వేడికి దాదాపు ఒక శాతం ఉబ్బుతుంది, డీజిల్ కాస్త తక్కువ. మే నెలలో తెల్లవారుజామున నింపి మిట్టమధ్యాహ్నం 43 డిగ్రీల్లో కొలిస్తే లెక్కలో ఒకటిన్నర శాతం ఎండ పాలే. త్రాసుకు ఎండతో పని లేదు.

డీజిల్ ఇంజనుకు మరొక గొట్టం ఉంటుంది, తిరుగు గొట్టం. పంపు లాగిన చమురులో మండగా మిగిలినదాన్ని అది ట్యాంకుకు తిప్పి పంపుతుంది. మొదటిసారి ఈ పరీక్ష చేసినప్పుడు నేను ఇంజనుకు చమురు తెచ్చే గొట్టం మాత్రమే క్యానులోకి మార్చి, తిరుగు గొట్టాన్ని పాత ట్యాంకులోనే వదిలేశాను. అరగంటలో క్యాను సగం ఖాళీ. ఇంజను పాడైందని నేను కంగారుపడుతుంటే, సరంగు చుక్కాని వదలకుండానే వెనక్కి తిరిగి అడిగాడు: "సార్, పోయిన చమురంతా పొగగొట్టంలోంచి పోతే ఇంత తెల్లటి ఆకాశం కనబడుతుందా?" చూస్తే పెద్ద ట్యాంకు మట్టం పెరిగి ఉంది. రెండు గొట్టాలూ ఒకే క్యానులో ఉండాలి. గొట్టాలు మార్చాక చమురు దారిలో చేరిన గాలిని తీసేయడం కూడా మరవద్దు.

పెట్రోలుకు ఈ విద్య పడవ వెనక బయట తగిలించే ఔట్‌బోర్డ్ ఇంజన్ల దగ్గర మాత్రమే చేయండి. వాటికి విడి ట్యాంకు, చేత్తో నొక్కే బల్బు ఉంటాయి కనుక తూచడం సులువు. పడవ లోపల బిగించిన పెట్రోలు ఇంజను దగ్గర క్యాన్లు, విడి గొట్టాలు పెట్టవద్దు. పెట్రోలు ఆవిరి గాలి కంటే బరువైనది. అది పడవ అడుగున చేరి కూర్చుంటుంది, ఒక్క నిప్పురవ్వ చాలు. అక్కడ గొట్టంలో పారే చమురును కొలిచే ఫ్లో మీటరు పెట్టించుకోవడమే మేలు.

ఇక పరుగు. ఫోనులో జీపీఎస్ తెరిచి, ఇంజను ఆర్‌పీఎం (నిమిషానికి తిరిగే చుట్లు) ఒకచోట నిలిపి, పదిహేను నిమిషాలు ఎగువకు, అదే పదిహేను నిమిషాలు దిగువకు నడపండి. రెండు వేగాల సగటే మీ పడవ అసలు వేగం. శ్రీశైలం దగ్గర విద్యుత్ కేంద్రం నీరు వదిలిందంటే నల్లమల కొండల మధ్య ఇరుకు దారిలో ఎదురు ప్రవాహం బాగా తెలుస్తుంది. ఒకవైపే నడిపి లెక్క రాసుకుంటే మీరు కొలిచింది ఇంజనును కాదు, కృష్ణమ్మను. దూరం సమానంగా కాదు, సమయం సమానంగా ఉండాలన్నది ఇక్కడ గమనించాలి.

ఇదే పరుగును నాలుగు వేగాల్లో చేయండి. ఒక ఉదయం పడుతుంది, అంతే.

నాలుగో మెట్టు: అటు నుంచి ఇటు మార్చడం

ఉదాహరణకు మన 36 అడుగుల లాంచీలో డీజిల్ ఇంజను ఉందనుకుందాం. గంటకు 12 కిలోమీటర్ల వేగంలో అరగంటకు క్యాను బరువు 1.74 కిలోలు తగ్గింది. దాన్ని 0.83తో భాగిస్తే 2.1 లీటర్లు, గంటకు 4.2 లీటర్లు. 4.2ను 0.21తో భాగిస్తే 20. అంటే ఆ వేగంలో ఈ పడవ అడుగుతున్నది 20 హార్స్‌పవర్ మాత్రమే. ఇంజను మీద అతికించిన రేకు 80 అన్నా, 100 అన్నా పడవకు పట్టదు.

ఇప్పుడు ఆ ఇరవైని 0.31తో గుణించండి. 6.2 వచ్చింది. అదే పడవలో పెట్రోలు ఇంజను ఉంటే గంటకు తాగేది అదన్నమాట. మీ చేతిలో ఉన్నది పెట్రోలు ఇంజనైతే 0.31తో భాగించి 0.21తో గుణించుకోండి.

సాగర్ నుంచి శ్రీశైలం ఆనకట్ట దిగువన ఉన్న లింగాలగట్టుకు నీటి దారి సుమారు 110 కిలోమీటర్లు. గంటకు 12 చొప్పున తొమ్మిది గంటలకు పైగా ప్రయాణం. డీజిల్‌కు 38.5 లీటర్లు, పెట్రోలుకు 57 లీటర్ల దాకా.

ఐదో మెట్టు: వేగం ఎంత మింగుతుందో చూడండి

నాకు ఈ లెక్కలో అన్నిటికంటే ఇష్టమైన భాగం ఇది. నీటిని నెట్టుకుంటూ పోయే పడవకు కావలసిన బలం దాదాపు వేగం ఘనంతో పాటు, అంటే వేగం × వేగం × వేగం లెక్కన, పెరుగుతుంది. 12 నుంచి, నోటుపుస్తకం మొదటి పేజీలో రాసుకున్న 15కు పోతే వేగం పెరిగింది నాలుగో వంతే, కావలసిన బలం మాత్రం దాదాపు రెట్టింపు, 39 హార్స్‌పవర్. డీజిల్ గంటకు 8.2 లీటర్లు అవుతుంది. 110 కిలోమీటర్లకు సుమారు 60 లీటర్లు.

పైన పెట్రోలు లెక్క ఎంత వచ్చింది? 57. అంటే గంటకు 15 కిలోమీటర్లతో ఉరికే డీజిల్ లాంచీ, 12తో నింపాదిగా పోయే పెట్రోలు లాంచీ కంటే ఎక్కువ లీటర్లు తాగుతుంది. డీజిల్ ధర తక్కువ కాబట్టి రూపాయల్లో కాస్త బయటపడుతుందేమో గాని, ఇంజను మార్చి సంపాదించిన పొదుపంతా యాక్సిలరేటరు మీద చెయ్యి తినేసింది. ఆదా అయిన సమయం ఎంత? రెండు గంటల కంటే తక్కువ. అదే లాంచీని గంటకు 10తో నడిపితే 27 లీటర్లలో శ్రీశైలం చేరుతుంది, కాకపోతే పదకొండు గంటలు పడుతుంది. పర్యాటకులు అంతసేపు కూర్చుంటారా అన్నది వేరే సంగతి.

స్పీడు బోటుకు ఈ సూత్రం పట్టదు. అది పైకి లేవకముందు, ముక్కు ఆకాశంలోకి, వెనక భాగం నీళ్లలోకి దిగబడి ఉండే దశలో అత్యధికంగా తాగుతుంది. పూర్తిగా లేచాక కిలోమీటరుకు తాగుడు తగ్గుతుంది. కాబట్టి దానికి నెమ్మదైనా ఉండాలి, లేచి జారే వేగమైనా ఉండాలి. ఆ రెంటి మధ్య నడపడమంత దండగ ఇంకొకటి లేదు.

ఆరో మెట్టు: రూపాయల్లోకి దిగండి

2024 మార్చి తర్వాత హైదరాబాద్‌లో పెట్రోలు లీటరు 107 రూపాయల పైన, డీజిల్ 95 రూపాయల పైన నడిచాయి. లెక్క సులువు కోసం 108, 96 అనుకుందాం. మీ బంకు ధర మీరు వేసుకోండి. గంటకు 12 వేగంలో డీజిల్ ఖర్చు 403 రూపాయలు, పెట్రోలు ఖర్చు 670. తక్కువ లీటర్లు, తక్కువ ధర కలిసి గంటకు 267 రూపాయలు మిగులుతున్నాయి. పెట్రోలు కంటే డీజిల్ చౌకగా దొరకని దేశాల్లో ఈ రెండో లాభం ఉండదు. అక్కడివాళ్లు "తేడా పెద్దగా లేదు" అని రాస్తే అది వాళ్లకు నిజం, మనకు కాదు.

మరోవైపు డీజిల్ ఇంజను, గేర్‌బాక్స్, బిగింపు అన్నీ కలిపి పెట్రోలుదాని కంటే నాలుగు లక్షలు ఎక్కువ చెప్పారనుకుందాం. 4,00,000ను 267తో భాగిస్తే సుమారు 1,500 గంటలు.

ఆ గంటలు మీకు ఎన్నేళ్లకు వస్తాయి? రోజుకు ఆరు గంటలు, ఏడాదికి రెండు వందల రోజులు తిరిగే లాంచీకి ఏడాదికి 1,200 గంటలు. ఏడాదిన్నర లోపే డబ్బు వెనక్కి వచ్చేస్తుంది, ఆపైన అంతా మిగులే. అదే శ్రీశైలం జలాశయం ఒడ్డున సోమశిల దగ్గర సొంతానికి బోటు పెట్టుకుని, నీరు తగ్గి, మునిగి ఉండే సంగమేశ్వరాలయం బయటపడ్డప్పుడు బంధువులను తీసుకెళ్లి చూపించే ఆసామికి ఏడాదికి వంద గంటలు కూడా పడవు. ఆయనకు పదిహేనేళ్ల పైనే పడుతుంది. ఆయనకు నేను పెట్రోలు ఔట్‌బోర్డే చెబుతాను, డీజిల్ మైలేజి గురించి ఆయన ఎంత వాదించినా సరే.

ఇంజను ఆయుష్షు కూడా లెక్కలో వేసుకోవాలి. పెట్రోలు ఇంజను పెద్ద మరమ్మతు లేకుండా 1,500 గంటలు, డీజిల్ 5,000 గంటలు నడుస్తాయన్నది బోట్లవాళ్ల వాడుక అంచనా. రోజూ తిప్పేవాళ్లకు ఇది చమురు కంటే పెద్ద విషయం కావచ్చు. పైగా లారీ ఇంజనును నీటికి తగ్గట్టు మార్చి బిగిస్తే విడిభాగాలు మిర్యాలగూడలోనే దొరికే వీలుంటుంది.

ఏడో మెట్టు: మన చోటుకు తగ్గ సవరణలు

ఇప్పుడు బంకుల్లో వచ్చే పెట్రోలులో 20 శాతం దాకా ఇథనాల్ ఉంటోంది. ఇథనాల్ లీటరుకు 21 మెగాజౌళ్లే కనుక మొత్తం మీద ఆరేడు శాతం శక్తి తగ్గుతుంది. కలపని పెట్రోలుతో తీసిన పాత పట్టికలు చూస్తే ఆ మేరకు కలుపుకోండి. నీటి మీద ఉండే పడవకు ఇంతకంటే పెద్ద చిక్కు ఉంది. ఇథనాల్ తేమను పీల్చుకుంటుంది. వానాకాలమంతా సగం ట్యాంకుతో ఒడ్డున కట్టేసిన బోటులో నీరు, ఇథనాల్ కలిసి అడుగుకు దిగి, పైన పెట్రోలు తేలుతుంది. ఇంజను ముందు లాగేది అడుగుదే. నెలల తరబడి ఆపేటట్లయితే పెట్రోలు తీసేసి పెట్టుకోవాలి. డీజిల్‌లోనూ నీరు చేరితే నాచులాంటి బురద పుట్టి ఫిల్టరు పూడుస్తుంది. నీటిని వేరుచేసే ఫిల్టరు గిన్నెను వారానికోసారి విప్పి చూడండి.

బరువు గురించి. అరవై హార్స్‌పవర్ పెట్రోలు ఔట్‌బోర్డ్ 110, 120 కిలోలుంటే, అదే బలమున్న డీజిల్ గేర్‌బాక్సుతో కలిపి రెండింతలు తూగుతుంది. ఎనిమిది టన్నుల లాంచీకి ఇది లెక్కలోకే రాదు. ఆరుగురు కూర్చునే స్పీడు బోటుకు మాత్రం ఇద్దరు మనుషుల బరువు ఎప్పటికీ మోస్తున్నట్లే, డీజిల్ లాభంలో కొంత అక్కడ కరిగిపోతుంది.

ఇంజను మార్చాలని తేల్చుకున్నా వెంటనే బిగించవద్దు. 1917 నాటి చట్టం స్థానంలో వచ్చిన 2021 అంతర్దేశీయ జలయానాల చట్టం (ఇన్‌లాండ్ వెసెల్స్ యాక్ట్) కింద మరపడవకు సర్వే, రిజిస్ట్రేషన్ ఉండాలి. ఇంజను రకం మారితే ఆ కాగితాలూ మారాలి. సర్వే అధికారిని అడిగాకే ముందుకు వెళ్లండి.

మార్చాలని తేల్చుకోనివాళ్లకు ఒక పని చెబుతాను. లాంచీని ఒడ్డుకు లాగించి అడుగు చూడండి. నాచు పట్టి గరుకుగా ఉంటే గీకించి రంగు వేయించండి. ప్రొపెల్లర్ రెక్క అంచు రాళ్లకు తగిలి వంకరపోయి ఉంటే సరిచేయించండి. నిండు బరువుతో పూర్తి యాక్సిలరేటర్ ఇచ్చినప్పుడు ఇంజను తయారీదారు చెప్పిన గరిష్ఠ ఆర్‌పీఎం దాకా ఎక్కకపోతే ప్రొపెల్లర్ పిచ్ (రెక్కల వాలు) ఎక్కువైందని అర్థం. అలాంటి డీజిల్ ఇంజను నల్లటి పొగ వదులుతుంది, పొగంతా పూర్తిగా మండని చమురు మసే. ఇవన్నీ అయ్యాక అదే డ్రమ్ములు, అదే క్యాను, అదే త్రాసుతో మూడో మెట్టు మళ్లీ ఎక్కండి. పాత అంకె పక్కన కొత్త అంకె రాసి, తేదీ, ఆ రోజు జలాశయం మట్టం కూడా వేసుకోండి.